కోలన్ దగ్గర చదివేవాడు ‘ఏంది?’ అని అడగాలి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తాడిపత్రి. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నా. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. బెంగళూరు, చెన్నై పార్టీలకు కొటేషన్లు, మెయిళ్లు నేనే రాయాల. రెండు చుక్కల గుర్తు, అదే కోలన్, నాకు ఎప్పుడూ అనుమానమే. ‘అవర్ సైజెస్ ఆర్: టూ బై టూ, టూ బై త్రీ అండ్ టూ బై ఫోర్’ అని రాస్తే, కొత్తగా చేరిన అకౌంటెంట్ అమ్మాయి ‘ఆర్’ తర్వాత కోలన్ రాదన్నా అనింది. ఎందుకు రాదో ఆమే చెప్పలేకపోయింది. బళ్లో మాకు కోలన్ పక్కన అడ్డగీత కూడా గీయమని నేర్పినారు. అది ఉండాలా, వద్దా? సెమీకోలన్‌కూ దీనికీ తేడా ఏమిటి? కోలన్ తర్వాత పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా? ‘డియర్ సర్’ పక్కన కామా పెట్టాలా, కోలన్ పెట్టాలా? భయమేసి ఈ మధ్య కోలన్ వాడేదే మానేసినా. ఇంకొకటి. తెలుగులో ‘దు:ఖం’ అని టైపు చేస్తే తప్పని మా మామ ఒకాయన ఫ్యామిలీ గ్రూపులో అన్నాడు. కంటికి బాగానే ఉంది కదా, అదెట్లా తప్పు?
— ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: నాయనా, కోలన్ మానొద్దు. కొటేషన్లు రాసేవాడికి అంతకంటే అక్కరకొచ్చే గుర్తు ఇంకోటి లేదు. సైజులు చెప్పాలన్నా, షరతు పెట్టాలన్నా, లోడు ఆలస్యమైన కారణం రాయాలన్నా అదే కావాలి. నీ ప్రశ్నలన్నిటికీ జవాబిస్తాను గానీ, ‘ఆర్’ సంగతి దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం. అది తేలితే ముక్కాలు భాగం తేలినట్టే. ఇంగ్లీషు వాక్యాల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, నీ కాయితంలో మాదిరే.

నేను కర్నూలులో ఇంటర్ చదివేటప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పే పెద్దాయన ఒకరు ఉండేవారు. పాఠం గట్టిగా చదువుతూ, కోలన్ వచ్చిన చోట ఠక్కున ఆగేవారు. చేతిలో సుద్దముక్కను బల్ల మీద పెట్టేవారు. పుస్తకం కిందికి దించి మా మొహాలు చూసేవారు. మొదటి వారం మాకెవరికీ అర్థం కాలేదు. అందరం తలొంచుకుని కూర్చున్నాం. ఆ తర్వాత ఒకరోజు ముందు బెంచీలోంచి ఒక పిల్ల ఉండబట్టలేక ‘ఏంది సార్?’ అనింది. ఆయన మొహం వెలిగిపోయింది. సుద్దముక్క తీసుకుని మిగతా సగం చదివారు. అప్పటినుంచి కోలన్ వచ్చిన ప్రతిసారీ క్లాసంతా ఒక్క గొంతుతో అడిగేది. వస్తువుల జాబితా రాబోతుంటే ‘ఏవేవి?’ అని, కారణం రాబోతుంటే ‘యాల?’ అని, మనుషుల పేర్లు రాబోతుంటే ‘ఎవరెవరు?’ అని. వ్యాకరణం మాట ఒక్కటి కూడా ఆయన నోట రాలేదు. ఏడాది తిరిగేసరికి అరవై మందికీ కోలన్ వచ్చేసింది. తర్వాత నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ సుద్దముక్క కంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

కోలన్ అంటే అంతే. మొదటి సగం విన్న మనిషి నోట్లో ఒక ప్రశ్న పుడుతుంది. రెండో సగం దానికి జవాబు. ఆ రెంటికీ నడుమ నిలబడేది ఆ రెండు చుక్కలు.

ఇప్పుడు నీ వాక్యం చూడు. ‘అవర్ సైజెస్ ఆర్’. ఇక్కడ ఆగి చూడు. మాట పూర్తి కాలేదు. నువ్వింకా నోరు తెరిచే ఉన్నావు. ఎదుటి మనిషి నోరు తెరిచి మాట్లాడుతుంటే మధ్యలో ‘ఏంది?’ అని అడుగుతామా? అడగం, ఆయన ముగించేదాకా ఆగుతాం. అందుకే అక్కడ కోలన్‌కు చోటు లేదు. అదే ‘వి హ్యావ్ త్రీ సైజెస్’ అను. మాట ముగిసింది. కావాలంటే అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి లేచి పోవచ్చు. కానీ విన్నవాడు పోనివ్వడు, ‘ఏవేవి?’ అంటాడు. ఇప్పుడు పెట్టు కోలన్: ‘వి హ్యావ్ త్రీ సైజెస్: టూ బై టూ, టూ బై త్రీ అండ్ టూ బై ఫోర్.’ కోలన్ వద్దనుకుంటే నీ మొదటి వాక్యమూ ఉంచుకోవచ్చు, ఆ రెండు చుక్కలూ తీసేసి: ‘అవర్ సైజెస్ ఆర్ టూ బై టూ, టూ బై త్రీ అండ్ టూ బై ఫోర్.’ రెండూ మంచి ఇంగ్లీషే.

ఈ తప్పు మనవాళ్లలో ఇంత ఎక్కువగా ఎందుకొస్తుందో చాలా ఏళ్లు ఆలోచించాను. తెలివి తక్కువై కాదు, మన భాష అట్లా నడుస్తుంది కాబట్టి. మనం ‘నా బాధ ఏందంటే’ అని మొదలుపెట్టి, ఒక క్షణం ఆగి, అప్పుడు చెబుతాం. పాత ఉత్తరాల్లో ‘తమకు వ్రాయునది ఏమనగా’ అని రాసి కలం ఎత్తేవాళ్లు. ఆ ‘ఏందంటే’, ఆ ‘ఏమనగా’ పక్కా కోలన్లే, కాకపోతే మాట రూపంలో ఉన్నాయి. ఆ అలవాటుతోనే ‘మా సైజులు ఏవంటే’ అని మనసులో అనుకుని ‘అవర్ సైజెస్ ఆర్’ అని రాస్తాం, చెవికి వినిపించిన ఆ చిన్న విరామం కోసం చుక్కలు పెడతాం. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో ‘ఆర్’, ‘ఈజ్’ అనేవే ‘ఏవంటే’ చేసే పని చేసేస్తాయి. వాటి పక్కన మళ్లీ కోలన్ పెడితే ‘మా సైజులు ఏవంటే ఏమనగా’ అన్నట్టవుతుంది. ఒకే పనికి ఇద్దరు కూలీలన్నమాట. మీ అకౌంటెంట్ అమ్మాయి చెప్పిన దానికి అసలు కారణం ఇదీ.

ఇదే లెక్క ఇంకొన్ని మాటలకూ వర్తిస్తుంది. ‘సచ్ యాజ్’, ‘ఇంక్లూడింగ్’, ‘లైక్’, ‘ఫర్ ఎగ్జాంపుల్’ లాంటివి రాశాక కోలన్ అక్కర్లేదు, ఎందుకంటే అవే సరుకును చేతికి అందిస్తాయి. ‘ప్లీజ్ సెండ్ ద మనీ టు’ అని రాసి చుక్కలు పెట్టొద్దు, ‘టు’ దగ్గర మాట గాల్లో వేలాడుతోంది. ‘బికాజ్’ పక్కన అసలే వద్దు. ‘ద ఫాలోయింగ్’ అనే మాట మాత్రం నీకు మంచి తోడు. ‘ప్లీజ్ సెండ్ ద ఫాలోయింగ్ డాక్యుమెంట్స్’ అన్నావంటే వాక్యం పూర్తయింది, ‘ఏవేవి?’ అన్న ప్రశ్నా పుట్టింది. ఒకదాని కింద ఒకటి వరసగా రాసే జాబితా ముందు ‘ఆర్’ పక్కన కోలన్ పెట్టినా కొందరు ఒప్పుకుంటారు. నువ్వు ‘ద ఫాలోయింగ్’ రాయి, ఎవరూ వేలెత్తి చూపరు.

‘నేమ్:’, ‘డేట్:’, ‘సబ్జెక్ట్:’, ‘టోటల్:’ ఇవి వేరే జాతి. ఇవి వాక్యాలు కావు, చీటీలు. బస్తా మీద అంటించిన చీటీకి వ్యాకరణం ఉండదు కదా. కొటేషన్‌లో వాటికి కోలన్ ధైర్యంగా పెట్టుకో.

కోలన్ అంటే జాబితాల కోసమే అనుకునేవాళ్లు చాలామంది. నాకైతే దాని అసలు బలం కారణం చెప్పేటప్పుడు కనిపిస్తుంది. ‘ద లోడ్ ఈజ్ లేట్: ద లారీ బ్రోక్ డౌన్ నియర్ పెనుకొండ.’ మొదటి సగం చదివిన బెంగళూరు ఆసామి కోపంగా ‘యాల?’ అనబోతాడు. ఆ మాట ఆయన నోట్లోంచి ఊడిపడక ముందే నువ్వు జవాబిచ్చేశావు. ‘బికాజ్’ రాసి కూడా ఇదే చెప్పొచ్చు, తప్పు లేదు. కానీ కోలన్‌తో రాసినప్పుడు మాట సూటిగా, దాపరికం లేకుండా వినిపిస్తుంది. షరతు చెప్పేటప్పుడూ అంతే: ‘వి హ్యావ్ వన్ కండిషన్: ఫుల్ పేమెంట్ బిఫోర్ లోడింగ్.’ ఒక్క వస్తువు ముందు కూడా కోలన్ పెట్టొచ్చు, జాబితాలో ఇన్ని ఉండాలని ఏమీ లేదు. ఆ రెండు చుక్కల దగ్గర చదివేవాడి ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. డబ్బు మాట ఆ ఆగిన చోట పడితే మర్చిపోడు.

ఒకే వాక్యంలో రెండు కోలన్లు మాత్రం వద్దు. ఒక ప్రశ్నకు జవాబు చెబుతూనే ఇంకో ప్రశ్న లేపితే చదివేవాడికి దారి తప్పుతుంది. రెండు వాక్యాలు చేసుకో.

సెమీకోలన్ గురించి అడిగావు. అది సమానమైన రెండు వాక్యాలను జోడెద్దుల్లా ఒకే కాడికి కడుతుంది. ‘ద స్టోన్ ఈజ్ రెడీ; ద లారీ ఈజ్ నాట్.’ రాయి సిద్ధంగా ఉంది, లారీ లేదు. ఒకదాని గురించి ఇంకొకటి ఏమీ వివరించడం లేదు, రెండూ పక్కపక్కన నడుస్తున్నాయి. కోలన్‌లో ఆ సమానత్వం లేదు, రెండోది మొదటిదానికి జవాబుదారీ. అనుమానమొస్తే మా సార్ పద్ధతే వాడు. మధ్యలో ఆగి ‘ఏంది?’ అనో ‘యాల?’ అనో అడిగి చూడు. రెండో సగం దానికి జవాబైతే కోలన్, కాకపోతే సెమీకోలన్. ఇంకో సంగతి, సెమీకోలన్‌కు రెండు వైపులా మామూలుగా పూర్తి వాక్యాలు కావాలి. కోలన్‌కు ముందు వైపు పూర్తిగా ఉంటే చాలు, వెనక వైపు ఒక్క మాట ఉన్నా సరిపోతుంది.

కోలన్ పక్కన అడ్డగీత మీ బళ్లోనే కాదు, మా బళ్లోనూ నేర్పారు. కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర టైపు నేర్చుకున్నప్పుడు కూడా, జాబితా వస్తే చాలు, కోలన్ కొట్టి పక్కన గీత కొట్టమనేవాళ్లు. నా మొదటి ఉద్యోగానికి దరఖాస్తు అట్లాగే టైపు చేసుకుని పోయాను. ఇంటర్వ్యూలో ఒకాయన ఆ కాయితం చేతిలో పట్టుకుని, గీతలన్నిటి కిందా ఎర్ర సిరాతో గీసి, ఒక్క మాట కూడా చెప్పకుండా నాకు తిరిగిచ్చేశాడు. ఎందుకు గీశాడో తెలియక ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. తప్పు చూపించినవాడు కారణం చెప్పకుంటే ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నా. ఆ గీత పాత బ్రిటిష్ అచ్చు అలవాటు. వాళ్లు ఎప్పుడో వదిలేశారు, మన ఆఫీసుల్లో, ప్రశ్నపత్రాల్లో అట్లాగే మిగిలిపోయింది. అది తప్పుడు అర్థమివ్వదు గానీ, ఈ కాలపు ఇంగ్లీషులో దాని అవసరం లేదు. తీసెయ్.

ఖాళీల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ కాయితంలో రెండు చోట్ల కోలన్ ముందు ఖాళీ ఉంది. ఇంగ్లీషులో కోలన్ ముందు మాటకు అతుక్కుని ఉండాలి, తర్వాత ఒక ఖాళీ. ముందు ఖాళీ వదలడం ఫ్రెంచివాళ్ల పద్ధతి. టైముకు, నిష్పత్తికి మాత్రం రెండు వైపులా ఖాళీ ఉండదు: 10:30, 3:1.

పెద్ద అక్షరమా, చిన్నదా అంటే దేశాన్ని బట్టి, శైలిని బట్టి మారుతుంది. బ్రిటిష్ పద్ధతిలో కోలన్ తర్వాత చిన్న అక్షరమే, ఊరి పేరో మనిషి పేరో అయితే తప్ప. మన దేశంలో ఎక్కువగా నడిచేది ఇదే. అమెరికాలో వాళ్లలో వాళ్లకే తేడాలున్నాయి. అక్కడి సైకాలజీ సంఘంవాళ్ల ఏపీఏ శైలిలో కోలన్ తర్వాత పూర్తి వాక్యం వస్తే పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలి. పుస్తకాల అచ్చులో ఎక్కువగా వాడే షికాగో శైలిలో ఒక్క వాక్యమే వస్తే చిన్న అక్షరం, రెండు మూడు వాక్యాలు వరసగా వస్తే పెద్ద అక్షరం. నువ్వు చిన్న అక్షరమే పట్టుకో. ఒక మెయిల్‌లో ఒకటి, ఇంకో మెయిల్‌లో ఇంకొకటి రాయకుంటే చాలు. ‘డియర్ సర్’ పక్కన బ్రిటిష్ అలవాటు, మన అలవాటు కామా. అమెరికా వ్యాపార ఉత్తరాల్లో అక్కడ కోలన్ పెడతారు. మీ పార్టీలు బెంగళూరు, చెన్నై కాబట్టి కామా పెట్టు. రేపు రాళ్లు అమెరికాకు పోతే కోలన్‌కు మారుదువు.

ఇది రాసే ముందు నిన్న ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి పోయొచ్చాను. 1820లో కడపకు వచ్చి, తెలుగు నేర్చుకుని, మన తాళపత్రాలను ఊరూరా వెతికించి ఎత్తి రాయించిన సి.పి. బ్రౌన్ ఉండిన చోటే అది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎన్నో ఏళ్లు కష్టపడి నిలబెట్టారు. పాత తాళపత్రం చూశావంటే ఒక సంగతి తెలుస్తుంది. అక్షరాలు గొలుసుకట్టుగా, మాటకూ మాటకూ నడుమ ఖాళీ కూడా లేకుండా సాగిపోతుంటాయి. కామా లేదు, కోలన్ లేదు. మరి చదివేవాడికి ఎక్కడ ఆగాలో ఎట్లా తెలిసేది? మన కవులు దానికి మాటలే పెట్టుకున్నారు. పద్యం ముందు వచనంలో ‘అది యెట్లనిన’ అని వదిలేస్తారు, వెంటనే పద్యం అందుకుంటుంది. భారతం, భాగవతం చదివిన ఇళ్లలో ఆ మాట పిల్లలకు కూడా నోటికొస్తుంది. నీకు కోలన్ రాదని నువ్వు అనుకుంటున్నావు. ‘యాలంటే’ అని ఆగి కారణం చెప్పే ప్రతి మనిషికీ కోలన్ చెవిలో ఉంది. నీకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్కటే, ఇంగ్లీషులో ఆ ఆగేముందు వాక్యం ముగించాలి. కోలన్ అన్న పేరు గ్రీకు నుంచి వచ్చింది. కాలూ చెయ్యీ లాంటి అవయవానికి వాళ్లు ఆ మాట వాడేవారు, వాక్యంలో ఒక భాగానికీ అదే పేరు. ఆ భాగం పేరు పోనుపోను గుర్తుకు అంటుకుంది.

ఇక ‘దుఃఖం’. మీ మామ చెప్పింది నిజం. కంటికి ఒకటే లాగున్నా విసర్గ (ః), కోలన్ (:) రెండూ వేరు వేరు. విసర్గ అక్షరమాలలోది, దానికి శబ్దం ఉంది. ‘అంతఃపురం’, ‘దుఃఖం’, ‘ప్రాతఃకాలం’ అని పలికేటప్పుడు గొంతులోంచి వచ్చే ఆ ఊపిరి అదే. కోలన్‌కు శబ్దం లేదు, ఉన్నది నిశ్శబ్దమే. కంప్యూటర్‌కూ అవి వేరే వేరే. విసర్గకు తెలుగు అక్షరాల్లో తన స్థానం తనకుంది, కోలన్ ఇంగ్లీషు గుర్తుల్లో ఉంటుంది. నువ్వు కోలన్‌తో ‘దు:ఖం’ అని రాసి పెట్టుకుంటే, రేపెవరైనా సరైన ‘దుఃఖం’ టైపు చేసి వెతికినప్పుడు నువ్వు రాసింది దొరక్కపోవచ్చు. మొన్న మా వీధి మలుపులో ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. చిన్న వయసు పిల్లోడు. ఫొటో కింద ‘దు : ఖ సాగరంలో’ అని అచ్చయింది, దు ఒక చోట, ఖ ఒక చోట, నడుమ రెండు చుక్కలు ఒంటరిగా. ఆ తల్లి దుఃఖం ఎంతో నాకు తెలుసు. ఆ మాటను అట్లా విరిచి కట్టడం చూసి మనసు చివుక్కుమంది. ఫోన్ కీబోర్డులో విసర్గ సాధారణంగా గుణింతపు వరసలో సున్నకు పక్కనే ఉంటుంది. అక్కడి నుంచి తీసుకో.

చివరగా, నీ కాయితంతో జతచేసిన మెయిల్‌ను నేను ఇట్లా మార్చాను. ‘డియర్ సర్, వి హ్యావ్ త్రీ సైజెస్ ఇన్ స్టాక్: టూ బై టూ, టూ బై త్రీ అండ్ టూ బై ఫోర్. ద రేట్ ఇంక్లూడ్స్ పాలిషింగ్ అండ్ లోడింగ్; ఇట్ డజ్ నాట్ ఇంక్లూడ్ లారీ హైర్. వి హ్యావ్ వన్ కండిషన్: ఫుల్ పేమెంట్ బిఫోర్ లోడింగ్.’ నువ్వు రాసిన దాంట్లో ఐదు కోలన్లు, వాటి పక్కన ఐదు గీతలు ఉన్నాయి. ఇప్పుడు రెండే కోలన్లు. బాడుగ సంగతి దగ్గర సెమీకోలన్ ఎందుకు పెట్టానో చూడు. అక్కడ ఆగి ‘ఏంది?’ అనడానికి ఏమీ లేదు, కలిసినదీ కలవనిదీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాం. ‘ఇంక్లూడ్స్’ పక్కన నువ్వు పెట్టిన కోలన్ తీసేశాను, అది ‘ఆర్’ లాంటిదే. మీ అకౌంటెంట్ అమ్మాయికి కూడా ఈ మెయిల్ చూపించు. నియమం ఆమెకు తెలుసు, కారణం నీ దగ్గర ఉంది.